బీరువా మీది స్టిక్కర్లు

ఈసారి పద్యం లేదు, పండగ కబుర్లు లేవు. ఒక చేతిపని గురించి రాస్తున్నాను. పాత చెక్క సామాను మీద అంటుకుపోయిన స్టిక్కర్లను, కింద ఉన్న పాలిష్ పాడు కాకుండా ఎలా తీయాలి? మూడు వారాలు నేను ఆ పనే చేశాను. చేస్తున్నంతసేపూ ప్రతి కదలికకీ తెలుగు మాట వెతుక్కున్నాను. మనలా ఇంగ్లీషు బడిలో చదివి, పెద్దయ్యాక సొంతంగా తెలుగు నేర్చుకునేవాళ్ళకి పుస్తకాల్లో రాజులూ రాణులూ దొరుకుతారు. జిగురు ఎలా వదిలించాలో చెప్పే మాటలు మాత్రం దొరకవు.

బీరువా మా అమ్మది. డర్బన్‌లో మన పాత ఇళ్ళలో ఉండే రకమే. ఇంబుయా చెక్క, గోళ్ళతో బంతిని పట్టుకున్నట్టు చెక్కిన కాళ్ళు, రెండు తలుపులు, మధ్యలో నిలువుటద్దం, కింద ఒక పెద్ద సొరుగు. ఇంబుయా ఈ దేశపు చెట్టు కాదు, బ్రెజిల్ దక్షిణ భాగానిది. అయినా దక్షిణాఫ్రికాలో ఒక తరం వాళ్ళకి మంచి సామాను అంటే ఇంబుయానే. నాయన దీన్ని గ్రే స్ట్రీట్‌లో ఒక కొట్లో వాయిదాల మీద కొన్నాడు. ఇప్పుడు ఆ వీధి పేరు డాక్టర్ యూసుఫ్ దాదూ వీధి. అప్పుడు మావాళ్ళు కేటో మేనర్‌లో రేకుల ఇంట్లో ఉండేవాళ్ళు. గ్రూప్ ఏరియాస్ చట్టం వల్ల ఆ ఇల్లు ఖాళీ చేసి చాట్స్‌వర్త్‌కి రావాల్సి వచ్చింది. నాకప్పుడు నాలుగైదేళ్ళు. లారీ ఎక్కించే ముందు అమ్మ తన చీరలన్నీ ఆ అద్దానికి చుట్టిందట. ఇంట్లో చాలా వస్తువులు పగిలాయి గానీ అద్దం పగల్లేదు.

అమ్మ నిరుడు పోయింది. బీరువా నాకు కావాలి అని మా మేనకోడలు, అంటే తమ్ముడి కూతురు, అడిగింది. కొత్తగా ఫ్లాట్ తీసుకుంది. మాకు సంతోషమే. కానీ బీరువా నిండా స్టిక్కర్లు. తమ్ముడు ఒక శనివారం సాండింగ్ మెషీన్ పట్టుకుని వచ్చాడు.

"అక్కా, ఒక్క పూటలో అంతా గీకేద్దాం. తెల్ల పెయింట్ వేస్తే కొత్తదైపోతుంది."

"కొత్తది కావాలంటే కొట్లో దొరుకుతుంది కదరా," అన్నాను.

వాడికి తలుపు అంచు చూపించాను. పైకి కనిపించే ఇంబుయా అంతా పలచని పొర. దీన్ని వెనీర్ అంటారు. మిల్లీమీటరు మందం కూడా ఉండదు. లోపల ఉన్నది వేరే చౌక చెక్క. ఆ పొర మీద పాలిష్ ఇంకా పలచన. మెషీన్ పెడితే ముందు పాలిష్ పోతుంది, చెయ్యి కొంచెం ఆగితే ఇంబుయా కూడా పోతుంది. పోయిన చోట ఎంత డబ్బు పెట్టినా అది తిరిగి రాదు. తమ్ముడు కాసేపు చూసి, "సరే, మూడు వారాలు. అంతలో అయితే అయింది, లేకపోతే మెషీనే," అన్నాడు. మెషీన్ మాత్రం మా వరండాలోనే వదిలి వెళ్ళాడు.

ముందు తెలుసుకోవాల్సింది స్టిక్కర్ గురించి కాదు, దాని కింద ఏముందో. పాత సామాను మీద ఎక్కువగా మూడు రకాల పూతలు ఉంటాయి. ఒకటి షెల్లాక్. రెండోది నైట్రోసెల్యులోజ్ లాకర్, ఇది 1920ల నుంచి ఫ్యాక్టరీల్లో బాగా వాడుకలోకి వచ్చింది. మూడోది నూనె వార్నిష్, లేదా ఇంకా తర్వాత వచ్చిన పాలీయురేథేన్. చూస్తే మూడూ ఒకేలా మెరుస్తాయి. పరీక్ష సులువు. కాలి వెనక, ఎవరికీ కనిపించని చోట, ఇయర్ బడ్‌తో ఒక చుక్క మిథైలేటెడ్ స్పిరిట్ పెట్టండి. ఇక్కడ సూపర్ మార్కెట్లో దొరికే ఊదారంగు సీసాయే. కొంచెం ఆగి వేలితో ముట్టుకోండి. జిగటగా మారితే అది షెల్లాక్. ఏమీ కాకపోతే ఇంకో చోట ఒక చుక్క థిన్నర్ పెట్టండి. అప్పుడు మెత్తబడితే లాకర్. రెండిటికీ లొంగకపోతే వార్నిషో, పాలీయురేథేనో.

మా బీరువా కాలు వెంటనే జిగట పట్టింది. షెల్లాక్.

ఆ మాటకి తెలుగు ఏమిటో నాకు తెలియలేదు. నేను వారానికి రెండు రోజులు గుడిలో దీపాలు తోమే పని, సామాను గదిలో డబ్బాలు సర్దే పని చేస్తాను. మా పూజారి గారు ఆంధ్ర నుంచి వచ్చారు. ఆయన్ని అడిగాను. ఫోన్‌లో బొమ్మ చూపించి, ఇది పురుగు నుంచి వస్తుందట, దీన్ని మీరేమంటారు అన్నాను. ఆయన నవ్వారు.

"అమ్మా, ఇది లక్క! మీకు తెలిసిన మాటే. పాండవుల్ని కాల్చడానికి దుర్యోధనుడు కట్టించిన ఇల్లు దేనిదమ్మా?"

లక్క ఇల్లు. చిన్నప్పుడు అవ్వ చెప్పిన కథ. ఆ మాట నా నోట్లో అరవై ఏళ్ళుగా ఉంది. లక్క అంటే కథలో ఏదో మాయ పదార్థం అనుకున్నాను. అది మా బీరువా మీదే ఉంది.

పూజారి గారి ఊరు ఏటికొప్పాకకి దగ్గర. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్ళో లక్క బొమ్మలు చేస్తారు. అంకుడు చెక్కని తరిణె మీద తిప్పుతూ, రంగు కలిపిన లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడికి పుట్టే వేడికి లక్క కరిగి చెక్కకి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్ది మెరుగు తెస్తారు. ఇది వింటున్నప్పుడు నాకు రెండు విషయాలు అర్థమయ్యాయి. లక్క వేడికి కరుగుతుంది. లక్క సారాయిలాంటి స్పిరిట్‌లో కరుగుతుంది. బీరువాల మీద వేసే ఫ్రెంచ్ పాలిష్ అంటే అదే, లక్క రేకుల్ని స్పిరిట్‌లో కరిగించి గుడ్డతో పొర మీద పొర వేయడం. ఈ లక్కలో ఎక్కువ భాగం పండేది భారతదేశంలోనే. చిన్న పురుగులు కొమ్మల మీద కట్టే బంక అది. పాత 78 ఆర్‌పీఎం గ్రామఫోన్ రికార్డులు కూడా దానితోనే చేసేవాళ్ళు.

అందుకని లక్క పాలిష్ మీద చేయకూడనివి ఇవి. స్పిరిట్ వాడకూడదు. గోళ్ళ రంగు తీసే ద్రవం వాడకూడదు, అందులో ఉండే ఎసిటోన్ లక్కనీ లాకర్‌నీ రెండిటినీ కరిగిస్తుంది. మరిగే నీళ్ళు, తడిగుడ్డ వేసి వదిలేయడం కూడా వద్దు, తెల్లని మచ్చ పడుతుంది. కొట్లో దొరికే స్టిక్కర్ రిమూవర్ ఏదైనా సరే, ముందు ఆ వెనక కాలి మీద పరీక్షించి తీరాలి. చాకూ, బ్లేడూ ఏ పూత మీదా వద్దు.

ఇప్పుడు స్టిక్కర్ల లెక్క. ఎడమ తలుపు మీద తమ్ముడు చిన్నప్పుడు అంటించిన పళ్ళ స్టిక్కర్లు. అరటి, నారింజ, యాపిల్, మొత్తం నలభై ఒకటి. కుడి తలుపు మీద వాడు పెద్దయ్యాక అంటించిన సర్ఫింగ్ స్టిక్కర్లు ఆరు. సముద్రంలోకి మోకాళ్ళ లోతు కంటే ఎప్పుడూ దిగలేదు గానీ, స్టిక్కర్లు మాత్రం ఉన్నాయి. తలుపు లోపల ఒకటి, వెనక ఒకటి, అద్దం చుట్టూ ఇంకొన్ని. వాటి సంగతి తర్వాత.

పళ్ళ స్టిక్కర్లలో చాలావరకు కాగితం. కాగితం నూనెని పీల్చుకుంటుంది, అదే మనకి సాయం. నేను వంటింట్లో ఉన్న సన్‌ఫ్లవర్ నూనే వాడాను. దూది మీద కొంచెం తీసుకుని స్టిక్కర్ మీద అద్దాలి. అద్దడం వేరు, రుద్దడం వేరు. ఇక్కడ రుద్దితే నూనె పక్కలకి పాకుతుంది. పాలిష్ పగిలిన చోట చెక్కలోకి దిగి నల్లమచ్చ చేస్తుంది. అందుకే కొంచెమే. అరగంట నానితే కాగితం అద్దంలా అయ్యి కింద చెక్క కనిపిస్తుంది. అప్పుడు నూనె జిగురు దాకా చేరిందని అర్థం. పాత లైబ్రరీ కార్డు అంచుని పడుకోబెట్టి మెల్లగా నెట్టాలి. రాకపోతే ఇంకో పావుగంట నానబెట్టాలి. బలం పెట్టకూడదు.

సర్ఫింగ్ స్టిక్కర్లు ప్లాస్టిక్. నూనె లోపలికి పోదు. వీటికి వేడి కావాలి, కానీ లక్కకి వేడి పడదు. దాదాపు 70 డిగ్రీల దగ్గర లక్క మెత్తబడుతుంది. హెయిర్ డ్రయ్యర్‌ని తక్కువ వేడిలో, జానెడు దూరంలో, కదుపుతూ పట్టుకోవాలి. రెండో చెయ్యి స్టిక్కర్ పక్కనే చెక్క మీద ఉంచాలి. నా చెయ్యి ఓర్చుకోలేని వేడిని చెక్కకి పెట్టకూడదు, ఇదే నా కొలత. ఒక మూల గోటితో లేపి, పైకి లాగకుండా, వెనక్కి మడిచి చెక్కకి ఆనుకునేలా లాగాలి. పైకి లాగితే పాలిష్‌ని కూడా పట్టుకుని పైకి లేస్తుంది. నిమిషానికి ఒక వేలి వెడల్పు వస్తే చాలు.

ఇక్కడ నాకు నచ్చిన మాటలు చెప్తాను. ఇంగ్లీషులో నాకు అన్నిటికీ ఒకటో రెండో మాటలు. తెలుగులో చేతికి ఒక మాట ఉంది. పీకడం అంటే ఒక్కసారి గట్టిగా లాగేయడం, పన్నూ పీకుతారు, కలుపూ పీకుతారు. ఒలవడం అంటే తొక్కని పండు నుంచి వేరు చేసినట్టు మెల్లగా తీయడం. గోకడం గోటితో, గీకడం పదునైన అంచుతో. ఊడడం అంటే దానంతట అదే వచ్చేయడం. ఈ పనిలో పీకకూడదు, గీకకూడదు. ఒలవాలి. అదృష్టం ఉంటే ఊడుతుంది. నా స్టిక్కర్లలో నాలుగు ముట్టుకోగానే ఊడాయి. మిగతావన్నీ ఒలిచాను.

స్టిక్కర్ వచ్చేశాక జిగురు మిగులుతుంది. ముందు బొటనవేలితో దొర్లించండి. చాలావరకు చిన్న చిన్న ఉండలు కట్టి వచ్చేస్తుంది. మిగిలిన జిడ్డుకి మెత్తటి గుడ్డ మీద కొంచెం వైట్ స్పిరిట్. పేరులో స్పిరిట్ ఉన్నా ఇది వేరు, పెట్రోలియం నుంచి వచ్చేది, గట్టిపడిన లక్కని కరిగించదు. పైన మైనం ఉంటే మాత్రం అది పోతుంది. కిటికీలు తెరవాలి, దగ్గర్లో మంట ఉండకూడదు. అదే గదిలో అమ్మ దేవుడి పీట ఉంది. రోజూ దీపం కొండెక్కిన తర్వాతే సీసా మూత తీశాను. దీపం ఆరిపోయింది అని మా అవ్వ ఎప్పుడూ అనేది కాదు, కొండెక్కింది అనేది. మీ ఇంట్లో కూడా అలాగే అనేవాళ్ళేమో గుర్తు చేసుకోండి.

చివరికి మైనం. తేనెటీగల మైనంతో చేసిన పేస్టు పలచగా పూసి, కాసేపు ఆరనిచ్చి, నాయన పాత పంచె ముక్కతో రుద్దాను. ఇక్కడ రుద్దొచ్చు.

అంతా అయ్యాక తమ్ముడు వచ్చి చూశాడు. "అక్కా, ఇంకా కనిపిస్తున్నాయే," అన్నాడు. నిజమే. ఎడమ తలుపు మీద నలభై ఒక్క గుండ్రటి మచ్చలు, చుట్టుపక్కల కంటే కొంచెం ముదురు రంగులో. అవి జిగురు కాదు. యాభై ఏళ్ళు కిటికీ వెలుతురుకి మిగతా తలుపు వెలిసింది. స్టిక్కర్ల కింద ఉన్నది మాత్రం నాయన కొన్ననాటి రంగులోనే ఉండిపోయింది. అంటే మచ్చగా కనిపించేదే అసలు రంగు. దీనికి మందు లేదు. రుద్దితే పాలిష్ పోతుంది, మచ్చ పోదు. వెలుతురు తగలనిస్తే నెమ్మదిగా మిగతావాటితో కలుస్తుంది. తమ్ముడు ఒక మచ్చ మీద వేలు పెట్టి, "ఇది నారింజ," అన్నాడు. ఇంకోదాని మీద పెట్టి, "ఇది కూడా నారింజే. అమ్మ రెండు దెబ్బలు వేసింది దీనికి," అన్నాడు. మెషీన్‌ని ఆ సాయంత్రమే కారులో పెట్టుకుని వెళ్ళాడు.

ఇక తీయనివి.

వెనక పలక మీద కొట్టు వాళ్ళ కాగితం ముక్క ఉంది. అంచులు నలిగి, సగం అక్షరాలు పోయాయి. తయారుచేసినవాళ్ళ చీటీ, అమ్మినవాళ్ళ చీటీ ఎప్పుడూ తీయకూడదు. ఆ వస్తువు ఎక్కడిదో, ఎప్పటిదో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

తలుపు లోపల ఉన్నది ఓటు వేయమని చెప్పే స్టిక్కర్. 27 ఏప్రిల్ 1994న అమ్మా నాయనా పొద్దున్నుంచి వరసలో నిలబడ్డారు. 1984లో భారతీయులకి వేరే సభ అని ఒక ఎన్నిక పెట్టినప్పుడు నాయన వెళ్ళలేదు. 1994 ఎన్నికలోనే ఒక స్టిక్కర్ కథ ఉంది, ఇక్కడివాళ్ళకి గుర్తుండే ఉంటుంది. ఇంకాథా ఫ్రీడం పార్టీ వారం రోజుల ముందు పోటీకి ఒప్పుకుంది. అప్పటికే ఓటు కాగితాలు అచ్చయిపోయాయి. అందుకని ఆ పార్టీ పేరుని కాగితం అడుగున స్టిక్కర్‌గా అంటించారు. మొదటి ఓటు గురించి అడిగితే అమ్మ ముందు చెప్పేది అదే, "కాగితం కింద స్టిక్కర్ ఉందే, ఊడిపోతుందేమో అని భయమేసింది."

ఆఖరివి అద్దం చుట్టూ ఉన్నవి. చెక్క చట్రం మీద, కుడివైపు, మనిషి కళ్ళ ఎత్తులో, తొమ్మిది మెరూన్ బొట్టుబిళ్ళలు. మన అమ్మలందరి అలవాటే. రాత్రి నుదుటి నుంచి తీసి అక్కడ అంటించడం, పొద్దున మళ్ళీ తీసి పెట్టుకోవడం. జిగురు పోయినవి అక్కడే ఉండిపోతాయి. నాయన 1997లో పోయాడు. ఆ తర్వాత అమ్మ బొట్టు పెట్టుకోలేదు. మేమెంత చెప్పినా వినలేదు. ఆ బిళ్ళల్ని మళ్ళీ ముట్టుకోలేదు, తీసి పారేయనూ లేదు. రోజూ ఆ అద్దంలోనే తల దువ్వుకునేది.

పని తెలిసినదానిగా నాకు తెలుసు, అవి కూడా జిగురే. ఒక్కొక్కదాని కింద లక్క ఉంది. ఎంత ఆలస్యమైతే అంత గట్టిపడుతుంది. రెండు చుక్కల నూనె, అరగంట, కార్డు అంచు. తొమ్మిదీ ఒక్క పూట పని. దూది చేతిలో పట్టుకుని అద్దం ముందు కూర్చున్నాను కూడా. పని తెలుసు కదా అని ప్రతి పనీ చేయనక్కర్లేదు. దూది డబ్బాలో పెట్టేశాను.

మేనకోడలికి ఫోన్ చేశాను. అది ఈ మధ్యే ఆన్‌లైన్‌లో హైదరాబాదు టీచర్ దగ్గర తెలుగు మొదలుపెట్టింది.

"అత్తా, స్టిక్కర్లు అన్నీ తీసేశావా?"

"అన్నీ తీశాను. అవ్వ బొట్టుబిళ్ళలు తొమ్మిది ఉన్నాయి. అవి నీ ఇష్టం. తీయమంటే తీస్తాను."

కాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, "అత్తా, మా టీచర్ బొట్టుబిళ్ళల్నే స్టిక్కర్లు అంటుంది. 'స్టిక్కర్ పెట్టుకోలేదేంటమ్మా' అంటుంది నన్ను."

నాకు ఆ సంగతి అప్పుడే తెలిసింది. మన దగ్గర స్టిక్కర్ అంటే తలుపు మీదిది, అక్కడ నుదుటి మీదిది.

"అయితే స్టిక్కర్లు ఉండనీ అత్తా," అంది.

వచ్చే శనివారం వ్యాన్ వస్తుంది. అద్దానికి చుట్టడానికి అమ్మ చీరలు రెండు తీసి పెట్టాను. బీరువాని కిటికీకి ఎదురుగా కాకుండా పక్క గోడకి పెట్టమని చెప్పాను. నేరుగా ఎండ పడితే లక్క పగులుతుంది. పక్కనుంచి వెలుతురు తగిలితే చాలు, తలుపు మీద తమ్ముడి నారింజలు కొన్నేళ్ళలో కలిసిపోతాయి.